సర్వస్వామ్య సంకలితము: తెలుగు గ్రంథముల డిజిటల్ ప్రకటనమున హక్కుల చరిత్ర

తెలుగు ముద్రిత గ్రంథముల తొలిపుటలు తిరుగవేయువారికి ‘సర్వస్వామ్య సంకలితము’ అను మాట చిరపరిచితము. కొన్ని గ్రంథములందు ‘కాపీరైటు’ అనియు, మరికొన్నింట ‘సర్వహక్కులు గ్రంథకర్తవి’ అనియు ఉండును. గ్రంథచరిత్రకారులు ముద్రాలయము పేరును, ముద్రణ సంవత్సరమును, వెలను శ్రద్ధతో గుర్తించిరి కాని ఈ పంక్తిని అంతగా విచారించినట్లు కానరాదు. పుస్తకము కాగితముపై నున్నంతకాలము అది గ్రంథకర్తకును ప్రకాశకునకును నడుమ గల వ్యవహారము. చదువరికి దానితో పనిలేదు. కాని గడచిన ఇరువది యేండ్లకు పైగా పాత పుస్తకములు స్కానింగు యంత్రముల మీదుగా కంప్యూటరులలోనికి చేరుచున్నవి. ఒక ప్రతిని ఒక్కరు చదువుటకు మారుగా లోకమంతయు ఏకకాలమున చదువు వీలు కలిగినది. దానితో తొలిపుటలోని ఆ చిన్న పంక్తి పెద్ద ప్రశ్న అయినది.

పుస్తకమును డిజిటల్ రూపమున ప్రకటింప నెంచిన సంస్థ విశ్వవిద్యాలయమైనను, విదేశమందలి వ్యాపార సంస్థ యైనను, దానికి మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఈ పుస్తకము ఎవరిది? ఇందుకు సమాధానము సగమే చట్టమున నున్నది. గ్రంథకర్త ఏ యేట మరణించెను, రచన మొదట ఎక్కడ అచ్చయినది, ఏ పేరుతో అచ్చయినది, అను మిగిలిన సగము సాహిత్యచరిత్రలో నున్నది. తెలుగు గ్రంథముల విషయమున తాళము వేసినది చట్టము కంటె మన చరిత్ర రచనలోని లోపమే యని ఈ వ్యాసమున నిరూపింప యత్నింపబడును.

ఒక ప్రాంతము, ఒక అలమార

సామాన్య విచారణ కంటె ఒక ప్రాంతమును గైకొని పరీక్షించుట మేలు. నేటి కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డికి సమీపమున, మంజీరానదిపై నిజాంసాగరము కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1923లో పని మొదలై 1931లో ముగిసినది. నిర్మాణ సూత్రధారి నవాబు అలీ నవాజ్ జంగు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడు వరకు ఈ ప్రాంతము నిజామాబాదు జిల్లాలోనిది.

నిజాంసాగరమును, దాని పరిసరముల సాంస్కృతిక జీవనమును గూర్చి పరిశోధింపబూనిన విద్యార్థి యొకడు ఆధారములను కూర్చి అందరకు అందుబాటులో ఉండునట్లు ఇంటర్నెట్టులో ఉంచదలచె ననుకొందము. అతని అలమారలో ఐదు విధములైన వస్తువులు చేరును. మొదటివి ఆనకట్ట నిర్మాణ కాలమున సర్కారువారు అచ్చువేసిన నివేదికలు, ఛాయాచిత్రములు. రెండవది 1926లో ప్రారంభమైన గోలకొండ పత్రిక. మూడవది 1934 నాటి గోలకొండ కవుల సంచిక. నాల్గవవి నిజామాబాదు జైలులో దాశరథితోపాటు ఖైదీగా నుండిన వట్టికోట ఆళ్వారుస్వామి రచనలు. ఐదవది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1973లో ప్రకటించిన నిజామాబాదు జిల్లా గెజెటీరు. ఒకే అలమారలోని ఈ ఐదింటికి ఐదు లెక్కలు. ఆ లెక్కలు తెలియుటకు చట్టముల క్రమమును కొంత ఎరుగవలెను.

చట్టముల క్రమము

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము 1847లో తొలి గ్రంథస్వామ్య చట్టమును చేసినది. దాని ప్రకారము హక్కు గ్రంథకర్త జీవితకాలమును, ఆపై ఏడు సంవత్సరములును ఉండును. అట్లుగాక ప్రకటనము నుండి 42 సంవత్సరములు ఎక్కువ యైనచో అంతకాలము ఉండును. 1867లో పుస్తకముల నమోదు చట్టము వచ్చినది. దానివలన మద్రాసు రాజధానిలో అచ్చయిన పుస్తకముల త్రైమాసిక పట్టికలు మనకు దక్కినవి. ఇంగ్లండు వారి 1911 చట్టమును కొలది మార్పులతో 1914లో బ్రిటిష్ ఇండియాకు వర్తింపజేసిరి. నాటినుండి హక్కు గ్రంథకర్త మరణానంతరము ఏబది సంవత్సరములు. స్వతంత్ర భారతము 1957లో చేసిన చట్టము 1958 జనవరి 21న అమలులోనికి వచ్చినది. అదియు ఏబదియేండ్ల గడువునే నిలిపినది.

ఆ గడువు అరువది యేండ్లగుటకు కారణము ఒక్క కవి. రవీంద్రనాథ ఠాకూరు 1941లో మరణించిరి. వారి రచనలపై విశ్వభారతికి గల హక్కు 1991తో ముగియవలసి యుండెను. ఆ డిసెంబరు 28 నుండి అమలగునట్లు ప్రభుత్వము గడువును పదియేండ్లు పెంచినది. 1992లో అది చట్టమైనది. ఈ మార్పు బెంగాలు కవి నిమిత్తము జరిగినను ఫలితము తెలుగునకును సంక్రమించినది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940 జనవరిలో మరణించిరి. వారి రచనలపై హక్కు 1990తోనే తీరినది. తీరిన హక్కు మరల చిగురింపదు గనుక పెంపు వారిని తాకలేదు. 1946లో మరణించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రచనలు మాత్రము 1996 చివర విడుదల కావలసినవి 2006 చివరి వరకు ఆగినవి. ఇరువురి మరణములకు నడుమ ఎడము ఆరేండ్లు. రచనల విడుదలలో ఎడము పదునారేండ్లు.

లెక్క మరణదినము నుండి కాక మరుసటి సంవత్సరము జనవరి 1 నుండి ప్రారంభమగును. కావున 2026 జనవరి 1 నాటికి, 1965 ముగియులోపల మరణించిన గ్రంథకర్తలు తమ జీవితకాలమున ప్రకటించిన రచనలన్నియు సర్వజన స్వామ్యమునకు వచ్చినవి. ఇది సామాన్య సూత్రము. చిక్కంతయు దాని అపవాదములలో ఉన్నది.

సర్కారు కాగితములు

ప్రభుత్వ ప్రచురణమునకు గ్రంథకర్త మరణముతో నిమిత్తము లేదు. ప్రకటనము నుండి అరువది సంవత్సరములు. 1931 నాటి నివేదికకు ఈ లెక్క వేసినను హక్కు 1991తో ముగిసినది. ఆనాడు అచ్చయిన ఆనకట్ట ఛాయాచిత్రములదియు అదే స్థితి. 2012 సవరణ పిమ్మట ఛాయాచిత్రమునకును తీసినవాని జీవితకాలమే ప్రమాణమైనది గాని, అంతకు మునుపే తీరిన హక్కును ఆ సవరణ లేపలేదు. కావున పరిశోధకుడు వీనిని నిర్భయముగ ప్రకటింపవచ్చును.

ఐదవదగు గెజెటీరు అట్లు కాదు. ‘గెజెటు’ వేరు, ‘గెజెటీరు’ వేరు. రాజపత్రమగు గెజెటులో ప్రకటితమైన విషయమును, శాసనపాఠమును గూర్చిన నియమమునకు లోబడి, ఎవరైనను పునర్ముద్రింపవచ్చునని చట్టమే చెప్పినది. గెజెటీరు ప్రభుత్వమువారు వ్రాయించిన వర్ణనాత్మక గ్రంథము. దానికి ఈ మినహాయింపు లేదు. 1973 గ్రంథముపై హక్కు 2033 చివరి వరకు కలదు. పేరు పోలికచే మోసపోవుటకు ఇట తావున్నది.

సంస్థానమున అచ్చయిన గ్రంథముల విషయమున ఇంకొక మెలిక కలదు. 1867, 1914 చట్టములు బ్రిటిష్ ఇండియాకు చెందినవి. హైదరాబాదు సంస్థానము వానికి వెలుపలిది. మద్రాసు త్రైమాసిక పట్టికలవంటి ఆధారము హైదరాబాదు ముద్రణములకు కరవగుటకు ఇదియే హేతువు. స్వాతంత్ర్యమునకు పూర్వకాలమును గూర్చి చెప్పునపుడు ‘ఇండియా’ అను పదము సంస్థానములను గూడ కలుపుకొనునని సాధారణ వివరణ శాసనము చెప్పుచున్నది. కాని రద్దయిన పూర్వచట్టముల క్రింద అప్పటికి హక్కు లేని రచనకు తాను క్రొత్తగా హక్కు నీయనని 1957 చట్టము చెప్పుచున్నది. ఈ రెండు వాక్యములను పొందుపరచి చదువుట న్యాయవాదుల పని. పుస్తకము సికిందరాబాదులో అచ్చయినదా, బెజవాడలో అచ్చయినదా యని తేల్చుట మన పని. ఆ పని జరుగనిదే వారి పని మొదలు కాదు.

పత్రికయు, సంచికయు

గోలకొండ పత్రికలో సంతకములేని రచనలు, సంతకముగల రచనలు, మారుపేరుతో వచ్చిన రచనలు అను మూడు తెగలు కలవు. కర్త పేరులేని రచనకు గడువు ప్రకటనము నుండి అరువది సంవత్సరములు. కావున 1934లో సంతకములేక వచ్చిన వ్యాసము 1994తో స్వేచ్ఛ పొందినది. అదే పుటలో పేరు పెట్టి వ్రాసిన వ్యాసకర్త 1970 వరకు జీవించినచో అతని వ్యాసము 2030 చివర వరకు నిర్బంధమున నుండును. మారుపేరుతో వ్రాసినవాని అసలుపేరు గడువు తీరకముందే వెల్లడియైనచో రచన మొదటి తెగనుండి రెండవ తెగకు మారును. మారుపేర్లను ఛేదించుట సాహిత్య పరిశోధకులకు ప్రియమైన పని. ఆ పరిశోధన ఒక రచన హక్కునే మార్చివేయగలదని మనము తలపము.

సంపాదకవర్గమున జీతమునకు పనిచేసినవారి రచనలను పత్రికలో ప్రకటించు హక్కు యజమానిది. పుస్తకముగ వేయుట మున్నగు ఇతర హక్కులు, వేరు ఒప్పందము లేనిచో, రచయితవి. బయటినుండి వ్రాసి పంపినవారి హక్కు పూర్తిగా వారిదే. కావున పత్రిక యజమాని అనుమతి దొరికినంత మాత్రమున పత్రిక యంతయు చేతికి వచ్చినట్లు కాదు.

ఈ చిక్కు పరాకాష్ఠ నందుకొన్నది గోలకొండ కవుల సంచికలో. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను ఆక్షేపమునకు బదులుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో దీనిని వెలువరించిరి. సంకలనకర్తగా వారికిగల హక్కు వేరు, అందలి ప్రతి పద్యముపై ఆయా కవికిగల హక్కు వేరు. ప్రతాపరెడ్డిగారు 1953 ఆగస్టులో మరణించిరి. వారి హక్కు 2013తో తీరినది. అంతమాత్రమున సంచిక స్వేచ్ఛ పొందలేదు. అందలి పూర్వకవుల పద్యములకు అడ్డులేదు. కాని సమకాలీనులు? 1934 నాటికి ఇరువదియేండ్ల వాడైన కవి ఎనుబదియేండ్లు జీవించిన యెడల 1994లో మరణించును. అతని నాలుగు పద్యములు 2054 చివరి వరకు సంకెలలో నుండును. ఒక పుట అందరిది. ప్రక్కపుట ఒక కుటుంబముది.

కావలసినది 354 మరణ సంవత్సరముల పట్టిక. పేరుపొందిన కవులకు అది సులభము. ఒక పల్లెలో బడిపంతులుగనో, పురోహితుడుగనో, పట్వారిగనో యుండి, నాలుగు పద్యములు పంపి, మరల ఎచ్చటను కానరాని కవి సంగతి ఏమి? కవులు ఉండిరని చూపుటకు ప్రతాపరెడ్డిగారు సంచికను కూర్చిరి. వారు ఎప్పుడు పోయిరో చూపుట ఆయన తరువాతి తరముల వంతు. ఆ వంతు మనము తీర్చుకొనలేదు.

వట్టికోట రచనలు: రెండు నవలలు, రెండు లెక్కలు

వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ఊరూర తిరిగి పుస్తకములు అమ్మిన మనీషి. ఆయన 1961 ఫిబ్రవరిలో మరణించెను. ఆయన జీవితకాలమున 1955లో వెలువడిన ‘ప్రజల మనిషి’ నవల 2022 జనవరి 1న సర్వజన స్వామ్యమైనది. ‘గంగు’ నవల అసంపూర్ణముగ మిగిలి ఆయన మరణానంతరము ప్రకటితమైనది. మరణానంతర ప్రకటనమునకు లెక్క మరణమునుండి కాదు, తొలి ప్రకటనమునుండి. కావున ఒక రచయిత రెండు నవలలు రెండు వేర్వేరు సంవత్సరములందు స్వేచ్ఛ పొందును. ‘ఈ రచయిత పుస్తకములు ఇక అందరివి’ అని ఒక్కమాటలో తేల్చివేయువారు ఇట పొరబడుదురు.

ఈ సందర్భమున హక్కును కేవలము అడ్డుగోడగా చూచుట న్యాయము కాదు. మన రచయితలలో పెక్కుమంది సొంత సొమ్ముతో పుస్తకము అచ్చువేసికొనినవారు. వారి కుటుంబములకు మిగిలిన ఆస్తి ఒక్కొక్కప్పుడు ఆ ప్రచురణ హక్కు మాత్రమే. స్వేచ్ఛ పొందిన గ్రంథమును బంధించుట ఎంత తప్పో, పొందని గ్రంథమును అడుగకయే గైకొనుట అంత తప్పు. డిజిటల్ ప్రకటన చరిత్రలో ఈ రెండు తప్పులును జరిగినవి.

డిజిటల్ గ్రంథాలయము: ఆరంభము, అవరోధము

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారము నందుకొన్న ఆచార్య రాజ్‌రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి పదిలక్షల పుస్తకముల ప్రణాళికను నడిపించిరి. ఇందు భారత, చైనా, ఈజిప్టు దేశములు పాల్గొన్నవి. మన దేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2003 సెప్టెంబరు 8న రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారిచే ప్రారంభింపబడినది. బెంగుళూరు విజ్ఞానసంస్థయు, హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.యు ప్రధాన కేంద్రములు. హైదరాబాదు, తిరుపతులలోని గ్రంథాలయములనుండి వేలకొలది తెలుగు పుస్తకములు స్కానింగు యంత్రముల క్రిందికి పోయినవి. తెలుగు పరిశోధనమునకు ఇది చేసిన మేలు అపారము. అఫ్జల్‌గంజు గ్రంథాలయమునకు పోలేని పల్లె ఉపాధ్యాయుడు తన యింట కూర్చుండి పాత ప్రతిని చదువగలిగెను.

ఐనను పనిలో ఒక లోపము ఆదినుండియు ఉండెను. స్కానింగు వేగముగ సాగెను. పుస్తక వివరములు మాత్రము తెలుగు తెలిసియు తెలియని రోమను లిపిలో, తప్పుల తడకలుగ నెక్కెను. గ్రంథకర్త స్థానమున సంపాదకుడు, తొలి ముద్రణ స్థానమున పునర్ముద్రణము చేరెను. గ్రంథాలయ శాస్త్రమున ఇది చిన్న దోషము. హక్కుల లెక్కలో ఇది పెనుదోషము. సంవత్సరము తప్పిన చోట, ప్రకటింపదగని గ్రంథము బయటకు వచ్చును; ప్రకటింపదగినది లోపల ఆగిపోవును. ఆ తరువాత కొంతకాలమునకు ఆ డిజిటల్ గ్రంథాలయపు వెబ్‌సైటు మూతపడినది. కార్ల్ మలముడ్ మున్నగువారి పూనికచే దాని ప్రతులు లక్షలుగ ఇంటర్నెట్ ఆర్కైవు అను అమెరికా సంస్థ భాండాగారమునకు చేరినవి. నేడు మన పరిశోధక విద్యార్థులు వాడుకొనుచున్న పాత తెలుగు పుస్తకములలో పెక్కు ఆ మార్గమున వచ్చినవే. తప్పుడు వివరములును వానితోపాటే వచ్చినవి.

2012 సవరణము గ్రంథాలయములకు ఒక మేలు చేసినది. వ్యాపార ప్రయోజనము లేని సార్వజనిక గ్రంథాలయము తనయొద్ద కాగితపు ప్రతియున్న గ్రంథమును సంరక్షణార్థము డిజిటల్ రూపమున నిలువచేసికొనవచ్చును. కాని నిలువచేయుట వేరు, లోకమునకు వెల్లడించుట వేరు. చెదలు పట్టుచున్న గోలకొండ పత్రిక సంపుటమును నేడే స్కాను చేయుటకు ఏ అనుమతియు అక్కరలేదు. ఇంటర్నెట్టులో ఉంచుటకే విచారణ కావలెను. ఈ భేదము తెలియక, హక్కుల భయముచే స్కానింగునే ఆపుట అజ్ఞానము.

ఉపాధ్యాయులకు వర్తించు మినహాయింపు వేరొకటి. బోధన సందర్భమున అధ్యాపకుడు గాని విద్యార్థి గాని రచనను పునరుత్పత్తి చేయవచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఫోటోకాపీ దుకాణముపై ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మున్నగు ప్రకాశకులు తెచ్చిన వ్యాజ్యమున 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ హక్కును విశాలముగ వ్యాఖ్యానించెను. అయితే తరగతిలోని విద్యార్థులకు పంచుట ఈ నీడలోనికి వచ్చును గాని, లోకమునకంతకు తెరచి యుంచుట రాదు.

సముద్రమునకు ఆవలి లెక్క

డిజిటల్ పుస్తకము భౌతికముగ ఒక దేశమున నుండును; చదువరి వేరొక దేశమున నుండును. చట్టములు మాత్రము దేశమునకొక్కటి. ఇక్కడ సాంకేతిక సంస్థలకు కలుగు చిక్కునకు మన తెలుగు గ్రంథములే మంచి ఉదాహరణము. ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది. భారతదేశమున 2014 జనవరి 1 నుండి అది అందరిది. అమెరికాలో నియమము వేరు. 1996 జనవరి 1 నాటికి స్వదేశమున హక్కు గలిగియుండిన విదేశ గ్రంథములకు అచట ప్రకటనము నుండి 95 సంవత్సరముల రక్షణ నిచ్చిరి. దాని చొప్పున ఈ గ్రంథము అమెరికాలో 2044 చివరి వరకు బద్ధము. ‘ప్రజల మనిషి’ 2050 చివరి వరకు బద్ధము. నిజామాబాదులో ఎవరైనను అచ్చువేసి అమ్మదగిన పుస్తకమును అమెరికా యంత్రముపై ఉంచుటకు అక్కడి సంస్థ జంకును. తెలుగు వికీసోర్సువంటి స్వచ్ఛంద భాండాగారములు ఆ దేశపు యంత్రములపైననే ఆధారపడియున్నవి.

గూగుల్ సంస్థ 2004లో గ్రంథాలయముల పుస్తకములను స్కాను చేయ నారంభించినది. మరుసటి యేట అమెరికా రచయితల సంఘము వ్యాజ్యము వేసినది. ఉభయులు చేసికొన్న రాజీని 2009లో సవరించి, అమెరికాలో నమోదైనవియు, అమెరికా, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాలలో ప్రకటితమైనవియు నగు గ్రంథములకే పరిమితము చేసిరి. మన గ్రంథములు సామాన్యముగ దానికి వెలుపల నిలిచినవి. ఆ రాజీనిగూడ న్యాయస్థానము 2011లో త్రోసిపుచ్చెను. 2015లో అప్పీలు న్యాయస్థానము, పుస్తకమంతయు చూపక వెదకుటకు తోడ్పడు చిన్న తునుకలను చూపుట న్యాయమైన వినియోగమేనని తీర్పు చెప్పెను. దీనికి భిన్నముగ, పూర్తి గ్రంథములను ఎరువిచ్చిన ఇంటర్నెట్ ఆర్కైవుపై నలుగురు ప్రకాశకులు 2020లో తెచ్చిన వ్యాజ్యమున 2024లో అప్పీలు తీర్పు ప్రకాశకుల పక్షమున వచ్చినది. తునుక చూపుటకును, గ్రంథము చదివించుటకును గల అంతరమే ఈ రెండు తీర్పుల అంతరము.

హక్కు మిగిలి, హక్కుదారు కానరాని స్థితి

పుస్తకముల తరువాత పత్రికల సంగతి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో తెలుగున, తమిళమున ప్రారంభించిన చందమామను 2007లో జియోడెసిక్ అను బొంబాయి సాఫ్ట్‌వేరు సంస్థ కొనినది. పాత సంచికలు డిజిటల్ రూపమున కొంతకాలము పాఠకులకు లభించినవి. తరువాత ఆ సంస్థ అప్పుల పాలై, హైకోర్టు ఉత్తరువుపై లిక్విడేటరు అధీనమునకు పోయినది, పత్రికయు ఆగిపోయినది. అరువదియేండ్ల బాలసాహిత్యము ఒక సాంకేతిక సంస్థ ఆస్తుల జాబితాలో ఒక అంశమైనది. సంస్థ మునిగినను హక్కు మునుగదు. అనుమతి నీయగల చేయి మాత్రము మాయమగును. భాండాగారమును ఒకే వ్యాపార సంస్థ చేతిలో ఉంచుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును.

ఇట్టి అనాథ గ్రంథములకు చట్టమున ఒక ద్వారము కలదు. కర్త మరణించినను, తెలియకున్నను, కానరాకున్నను, ఆ రచనను ప్రకటించుటకు అనివార్య అనుమతిని కోరవచ్చును. 2012కు పూర్వము ఇది అప్రకటిత రచనలకే. పిమ్మట ప్రకటిత రచనలకును విస్తరించినది. విచారించు అధికారము కాపీరైటు బోర్డునుండి 2017లో మేధాస్వామ్య అప్పీలు మండలికి, 2021లో ఆ మండలియు రద్దు కాగా న్యాయస్థానములకు మారినది. అనుమతి కోరువాడు ముందుగా దేశమున హెచ్చుభాగమున ప్రచారముగల ఒక ఆంగ్ల దినపత్రికలో ప్రకటన వేయవలెను. అనువాదమునకైనచో ఆ భాషాపత్రికలోను వేయవలెను. ఒక మంజీరాతీర కవి పద్యములను తెలుగుననే ప్రకటించుటకు ఆంగ్లపత్రికా ప్రకటన చాలునట! అతని మనుమలు చదువు తెలుగు పత్రికలో వేయవలె నను నిర్బంధము లేదు. ఈ నియమమును సవరింప కోరుట భాషాశాఖల ధర్మము.

యంత్రము చదువు కాలము

ఇటీవల ఈ సమస్యకు క్రొత్త ముఖము కలిగినది. భాషాయంత్రములను తయారుచేయు సంస్థలు అపారమైన రచనలను వానిచే చదివించుచున్నవి. మనుష్యునకు చూపక యంత్రమునకు చదివించుట ప్రతి తీయుట యగునా? 2024 నవంబరులో ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ ఓపెన్ ఏఐ సంస్థపై ఢిల్లీ హైకోర్టులో తెచ్చిన వ్యాజ్యము ఈ ప్రశ్నను మన దేశమున మొదలుపెట్టినది. చట్టము తాత్కాలికమైన, ఆనుషంగికమైన నిలువను కొన్ని సందర్భములలో అనుమతించును. శిక్షణార్థము చేయు నిలువ అట్టిదేనా యనునది వాదము. తెలుగువంటి భాషకు ఇందు విశేషమైన సంబంధము కలదు. ఇంటర్నెట్టున తెలుగు వచనము తక్కువ. హక్కులు తేలిన మంచి గ్రంథములు యంత్రమునకు అందనిచో, అది దొరికిన కలగాపులగపు తెలుగునే నేర్చును; రేపటి విద్యార్థికి దానినే తిరిగి బోధించును.

కర్తవ్యము

పైని విచారణవలన తేలిన దేమనగా, చట్టము వేయు ప్రశ్నలు మూడే: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. వీనికి ఉత్తరమీయగలవారు న్యాయవాదులు కారు, సాంకేతిక నిపుణులును కారు, సాహిత్యచరిత్రకారులు. కావున తెలుగుశాఖలకు కొన్ని పనులు విధిగా నేర్పడుచున్నవి.

మొదటిది, జిల్లావారీగా గ్రంథకర్తల జనన మరణ సంవత్సరముల పట్టిక. గోలకొండ కవుల సంచికతో దీనిని ప్రారంభించుట యుక్తము. ఒక్కొక్క పరిశోధక విద్యార్థి ఒక్కొక్క తాలూకా కవులను గైకొని, వారి స్వగ్రామములకు పోయి, వంశీకులను విచారించి సంవత్సరమును నిర్ణయింపవచ్చును. ఎల్లారెడ్డి, కామారెడ్డి, బాన్సువాడ ప్రాంతములకు ఒక సెలవుల కాలము చాలును. రెండవది, సిద్ధాంత గ్రంథములందలి గ్రంథసూచికలలో తొలి ముద్రణ స్థలమును, సంవత్సరమును తప్పక చేర్చుట. మారుపేరును ఛేదించినచో అందుకు ఆధారమును చూపుట.

మూడవది, వంశీకుల అనుమతి పత్రములను సరిగా వ్రాయించుకొనుట. బదిలీ పత్రమున గాని అనుమతి పత్రమున గాని కాలము చెప్పనిచో చట్టము దానిని అయిదేండ్లకే పరిమితము చేయును; దేశము చెప్పనిచో భారతదేశమునకే పరిమితము చేయును. ‘మా తాతగారి పుస్తకము మీరు వేసికొనుడు’ అను ఒక్క వాక్యముతో తృప్తిపడినవాడు అయిదేండ్ల పిమ్మట మరల గడపయెక్కవలసి వచ్చును. కాలమును, దేశమును, కాగితము డిజిటల్ అను మాధ్యమ భేదమును పత్రమున స్పష్టముగ వ్రాయించుకొనవలెను. నాల్గవది, హక్కుదారులు ఇష్టపడినచో హక్కును పూర్తిగా విడుచుకొను మార్గము చట్టమున కలదు; 2012 సవరణ పిమ్మట బహిరంగ ప్రకటన ద్వారా గూడ ఆ పని చేయవచ్చును. తమిళదేశమున ప్రభుత్వమే 1949లో సుబ్రహ్మణ్య భారతి రచనలను జాతీయము చేసి ఇతర రచయితలకును ఆ పద్ధతిని విస్తరింపజేసినది. కుటుంబమునకు పరిహారమిచ్చి, జాతికి గ్రంథమిచ్చు ఆ పద్ధతి తెలుగు ప్రభుత్వములకును అనుసరణీయము.

కడపటిది మనయింటి పని. విశ్వవిద్యాలయ పత్రికలు, సిద్ధాంత గ్రంథములు నేడు ఏ అనుమతి వాక్యమును లేకయే వెలువడుచున్నచో, అరువదియేండ్ల పిమ్మట మన వ్యాసములును ఇట్లే అనాథలై పడియుండును. వ్యాసకర్త పేరు క్రింద పుట్టిన సంవత్సరము, చదువరికి ఈ వ్యాసముపై గల స్వేచ్ఛ యెంతయో తెలుపు ఒక్క పంక్తి చేర్చుటకు వ్యయము లేదు. ‘సర్వస్వామ్య సంకలితము’ అని అచ్చువేయించిన మన పూర్వులు ఆ స్వామ్యము ఎవరికి, ఎంతకాలమో వ్రాయలేదు. వ్రాయవలసిన అగత్యము వారికి కనబడలేదు. మనకు కనబడుచున్నది.